మంచు దేవయ్య

రాండ్రి, దగ్గరికి జరుగుండ్రి. ఆ టీవీ గొంతు జర తగ్గించుండ్రి. ఇది గట్టిగ చెప్పే ముచ్చట కాదు.

ఆకాశం రాలింది.

సప్పుడు లేకుంట రాలింది.

వాన పడితె రేకు మోగుతది. గాలి కొడితె తలుపు మోగుతది. ఎండుటాకు రాలినా, చెవి పెట్టి వింటె, ఇంత చిన్న సప్పుడన్న ఉంటది... అది రాలుతుంటె ఏం లేదు. తెల్లగ. మెల్లగ. పైన ఎవలో కూసోని దూది ఏకుతున్నట్టు. దూది ఏకినా విల్లు మోగుతది గదా — అది గూడ లేదు.

నా కండ్లతోని చూసిన. ఒమన్ దేశంల చూసిన.

ఎండల దేశం అంటరు గదా దాన్ని. ఇసుక, ఒంటెలు, ఖర్జూరాలు అంటరు. ఉన్నయ్. కని గుట్టలు గూడ ఉన్నయ్. మన గుట్టల అసొంటియి కాదు. కారు ఎక్కుతనే ఉంటది, ఎక్కుతనే ఉంటది, చెవులు మూసుకపోతయ్, మాట్లాడితె మన గొంతు మనకే పక్కింటోళ్ల గొంతు లెక్క ఇనవడ్తది. అన్నిటి కన్న పెద్ద గుట్ట జబల్ షమ్స్. సూర్యుని గుట్ట అని అర్థమట.

సూర్యుని గుట్ట మీదనే... ఆ ముచ్చటనే చెప్తున్న.

మా ముసలాయన తోని మొదలు పెట్టాలె. పెనిమిటి పేరు నోటితోని అనొద్దు. కని అనకుంటె ఈ ముచ్చట నడువది. దేవయ్య. ఇగో, అన్న.

పడుసుతనంల ఒమన్ వోయిండు. ఊళ్లె మొగోళ్లందరు పోయినట్టే. ఆ గుట్ట మీదికి రోడ్డు ఏసే సైట్ల కూలి పని. ఒక చలికాలం, తెల్లారి డ్యూటీకని రేకుల షెడ్డు తలుపు తీస్తె — గుట్టంత తెల్లగ ఉన్నదట. పైకెళ్లి ఇంక రాలుతనే ఉన్నదట. కాలు పెడితె పాదం మునిగిందట. ఇదేంది సారూ అని అడిగితె, కొలతలు తీసే సారు, రాజమండ్రి దిక్కు ఆయన — "దీన్ని తెలుగులో మంచు అంటారయ్యా" అన్నడట.

మంచు.

ఆ మాటను మూట గట్టుకోని ఊరికొచ్చిండు మా ఆయన. సెంటు సీసలు, టార్చిలైటు, మెత్తటి దుప్పటి... వాటితోని పాటు ఆ మాట. మందిని కూసోబెట్టుకోని చెప్పిండు. "మంచు పడ్డది. పాదం మునిగింది. సప్పుడే లేదు."

మనూళ్లె మంచు అంటె ఏంది? తెల్లారంగ జొన్న ఆకు మీద మెరిసేది. గడ్డి కొసకు ఏలాడేది. పొద్దు ఇంత మీదికి రాంగనె పోయేది. దాంట్ల నడిస్తె కాలు తడుస్తది.

మునుగుతదా?

నవ్విండ్రు. అందరి కన్న ఎక్కువ ఆయన సొంత అక్క నవ్వింది. మా వదినె, శాంతవ్వ. "మంచుల ఈత గూడ కొట్టినవా తమ్మీ?" అని, కొంగు నోట్లె కుక్కుకోని నవ్వింది. ఆ పొద్దు నుంచి ఊళ్లె ఎవలన్న లేని ముచ్చట చెప్తె — "ఇగో, మంచు దేవయ్య వచ్చిండు" అనుడే. బడిల అన్నరు. కల్లు మండువల అన్నరు. పెండ్లి బారాత్‌ల అన్నరు.

నేను నమ్మిన్నా అంటె... ఏమో. నవ్వినోళ్ల మీదికి మాత్రం చీపురుకట్ట లేపిన. "మా ఆయన అబద్ధం ఆడితె ఆడుతడు, మీకేం నొప్పి?" అన్న.

దాంతోని ఇంకింత నవ్విండ్రు.

ముందుగాల కోపం తెచ్చుకున్నడు. తర్వాత ఒట్లు పెట్టిండు. తర్వాత చెప్పుడే బంద్ చేసిండు. ఏండ్లు పోయినయ్. ఒకనాడు, ఇద్దరమే ఉన్నప్పుడు నేనే అడిగిన — ఆ మంచు, నిజంగనేనా అని.

"ఏమోనే," అన్నడు. "అప్పుడు నాకు జ్వరం ఉండె. జ్వరంల సూసిన్నేమో."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఊరు నవ్వితె నవ్వింది, ఊరికి వేరే పనేముంటది. కని ఆయన కండ్లు ఆయనకే అబద్ధం అయినయ్. చూసిందే చూడలేదేమో అని మనిషి అనుకోవట్టినంక — ఇగ దేన్ని నమ్మి బతుకుతడు?

మా కొడుకు రఘుపతి ఇప్పుడు అదే గుట్ట మీద, టూరిస్టులు దిగే క్యాంపుకు మేనేజరు. తండ్రి రోడ్డేసిండు, కొడుకు ఆ రోడ్డు మీద కారు ఎక్కిచ్చిండు. పోయిన చలికాలం మమ్ముల విజిట్ వీసా మీద తీస్కపోయిండు. కోడలు సంగీత, మనుమరాలు సింధూజ మామూలుగ కింద బౌషర్ పట్నంల ఉంటరు, బిడ్డకు బడి ఉంటది గదా. సెలవులియ్యంగనె అందరం గుట్ట ఎక్కినం. క్యాంపు పక్కనే రెండు అర్రల ఇల్లు. ముంగట ఇంత వాకిలి. వాకిలి దాటితె లోయ. ఆ లోయ అంచుకు నిలవడి కిందికి చూస్తె, మనిషి నోరు దానంతల అదే మూసుకుంటది.

నా నోరు గూడ. నమ్ముండ్రి.

"బాపూ, అప్పుడప్పుడు ఇక్కడ పడుతది అంటరు," అన్నడు రఘుపతి.

"ఎందుకురా ఆ ముచ్చట," అన్నడు వాళ్ల బాపు.

కని నాకు కండ్లు లేవా? పొద్దుగాల లేవంగనె కిటికీ దగ్గరికి పోతడు. మబ్బు దిక్కు చూస్తడు. నేను చూసిన్నని తెలిస్తె — మేకలను చూస్తున్న అంటడు.

ఆ దినం పొద్దే పొడువలే.

మబ్బు వచ్చి గుట్ట మీద కూసున్నది, బర్రె వచ్చి దొడ్లె పండుకున్నట్టు. గాలి నిలిచింది. మేకలు రాతిగోడ పక్కకు ఒకదాన్నొకటి ఆనుకోని, అరువకుంట. కింద పోలీసోళ్లు రోడ్డు బంద్ చేసిండ్రు. టూరిస్టులు లేరు. కూరగాయలు దింపనీకి వచ్చిన డ్రైవరు ఫజల్, కడపాయన, పోనీకి తోవ లేక మా ఇంట్లనే చిక్కిండు.

చలి... ఎముకలల్ల దూరి కూసునే చలి.

దానికి మందు పొయ్యి ఒక్కటే. సర్వపిండి పెట్టుకున్నం. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, నానిన శెనగపప్పు, ఉల్లాకు, కారం. వేడినీళ్లు పోసి పిసికి, గంజు గిన్నె అడుగుకు చేతితోని ఒత్తి, ఏలుతోని బొక్కలు పెట్టి, బొక్క బొక్కకు నూనె చుక్క. సంగీత ఒత్తుతది, నేను మంట చూస్తున్న. నువ్వులు ఎర్రగయ్యే వాసన వచ్చిందంటె — రాతి గోడలు గూడ మెత్తగైతయ్.

నేల మీద సింధూజ సుద్దముక్కతోని అష్టాచెమ్మ గీసింది. గవ్వలు లేవు. ఫజల్ ఖర్జూరాలు తిని, గింజలు కడిగిచ్చిండు. గీత పైకి పడితె ఒక లెక్క, బోర్ల పడితె ఒక లెక్క. మా కొడుకు ఆడుతడు, ఫజల్ ఆడుతడు, బిడ్డ ఇద్దరిని చంపుతది.

"ఏం పాపా, పండే కాయను చంపినావే! కడపోళ్ల పౌరుషం తెలీదు నీకు," అంటడు ఫజల్.

"పౌరుషం తర్వాత అంకుల్. ముందు గింజలెయ్యి," అంటది అది.

మా ముసలాయన ఆటకు రాలే. పొయ్యి పక్కకు పీటేసుకోని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నడు. వీపు కిటికీ దిక్కు. సర్వపిండికి రెండు పాయలు సాలు. ఆయన గంపెడు తీస్తున్నడు.

ముందుగాల సింధూజ చూసింది. గింజలు ఇసిరి, అవి ఎట్ల పడ్డయో చూడకుంటనే లేచింది.

"బాపమ్మా! బయట... బయట సూడు!"

కిటికీ నిండ తెలుపు. ముక్కలు ముక్కలు. రాలుతున్నది.

నేనేం అనుకున్న? రాళ్లవాన అనుకున్న. రాళ్లవాన వస్తె మనం ఏం చేస్తం? రోకలి తీసి వాకిట్ల పారేస్తం. రోకలిని చూసి వాన జంకుతది, మక్కచేను దక్కుతది. మా అత్త చేసింది, నేను చేసిన. చెయ్యి ఆగలే. ఆ ఇంట్ల రోకలి ఏడిది? రొట్టెలొత్తే కర్ర దొరికింది. తలుపు తీసిన, "ఆగు తల్లీ, ఆగు!" అని ఇసిరిన.

అప్పటికే బయటికి ఉరికిన ఫజల్ కాళ్ల ముంగట పోయి పడ్డది.

"ఏందవ్వా! నన్ను కొట్టాలంటే లోపలే కొట్టుండొచ్చు గదా!"

"రాళ్లవాన రా! నెత్తి పగులుతది, లోపటికి రా!"

"రాళ్లు యాడున్నాయవ్వా? బరఫ్! బరఫ్ పడతాంది!"

బరఫ్... అంటె మంచు.

ఎనుకకు తిరిగి చూసిన. ఎల్లిగడ్డ పొట్టు తీసే చేతులు ఆగినయ్. వీపు తిరుగలే.

అప్పుడు నాకు తెలివికొచ్చింది. ఏండ్లకేండ్లు ఆ మనిషి దేని కోసం చూసిండో, అది వచ్చింది. అది రాంగనె నేను ఆగు అన్న. కర్ర ఇసిరి మరీ ఆగు అన్న!

ఉరికిన. చెప్పులు లేకుంట ఉరికిన. ఆ కర్రను చూసి నిజంగనే ఆగితె ఎట్ల? తీసి కొంగుల దాచుకున్న. "ఆగకు తల్లీ. నా మాట నేను ఎనుకకు తీస్కుంటున్న. పడు. ఇంకింత పడు తల్లీ..."

కొంగుల కర్రతోని వాకిట్ల నిలవడ్డ.

అప్పుడు ఇన్న.

ఏం ఇనవడలే.

మేకలు లేవు. గాలి లేదు. లోయ లేదు — లోయ నిండ తెలుపు. గుట్ట ఏడ అయిపోయిందో, ఆకాశం ఏడ మొదలైందో... గీత లేదు. నెత్తి మీద పడుతున్నది, రెప్ప మీద పడుతున్నది, సప్పుడు లేదు. అంత పెద్ద ఆకాశం అంత చిన్న చిన్నగ అయ్యి, ఒకదాన్నొకటి తాకకుంట, ఎవలికి నొప్పి పెట్టకుంట దిగుతున్నది. పండుకున్న పసిపిల్ల పక్కకెళ్లి తల్లి నడిచినట్టు. గుళ్లె గూడ నాకు గసొంటిది కాలే. చేతులు జోడిద్దామంటె కొంగుల కర్ర. మొక్కుదామంటె ఏ దిక్కుకు మొక్కుత? అన్ని దిక్కులు అదే.

కిందికి చూసుకున్న.

పాదం మునుగుతున్నది.

సప్పుడే లేదు, అన్నడు. పాదం మునిగింది, అన్నడు. ఒక్క మాట ఎక్కువ చెప్పలే ఆ మనిషి. ఒక్క మాట పెంచలే. ఉన్నది ఉన్నట్టు, అంతే తెచ్చి మన ముంగట పెట్టిండు...

రెండు చేతులు చాపిన. పడనిచ్చిన. నిండనిచ్చిన. అట్లనే లోపటికి వచ్చి, ఆయన ముంగట కూసోని, ఆ రెండు చేతులు ఆయన చెంపలకు ఆనిచ్చిన.

కొడుకు చూస్తున్నడు. కోడలు చూస్తున్నది. మందిల ఆయన చెయ్యి గూడ ముట్టినదాన్ని కాదు నేను. సిగ్గు యాదికే రాలే.

కండ్లు మూసుకున్నడు. చెంపల మీద నీళ్లు. మంచు నీళ్లా, ఆయన నీళ్లా, నాకు తెల్వది.

"గిదే," అన్నడు.

"గిదేనే..."

"లే అయ్యా," అన్న. "కరిగిపోతది. సూద్దువు రా."

"భయమైతుందే."

"దేనికి భయం?"

"బయటికి పోతె... లేకుంటె?"

"నా చేతులు సల్లగ లేవా? లేనిది నా చేతికి ఎట్ల అంటుకుంటది?"

లేచిండు. దుప్పటి కప్పిన. నా భుజం పట్టుకోని గడప దాటిండు. దాటి, నిలవడ్డడు.

ఉన్ని టోపీ తీసిండు. బట్టతల మీద పడనిచ్చిండు. మొకం పైకెత్తిండు, చిన్నపిలగాని తీర్గ నోరు తెరిచిండు. శానసేపు అట్లనే. ఆయన మీద పడుతున్నది, నా మీద పడుతున్నది. తేడా లేకుంట పడుతున్నది.

"అప్పుడు మనోళ్లు ఎవ్వలు లేకుండె పక్కకు," అన్నడు.

అంతే అన్నడు.

ఇగ ఇంట్ల ఎవలుంటరు! పొయ్యి మీద సర్వపిండి మాడింది, ఎవలికి పట్టలే. సంగీత, నా ముంగట గొంతు లేపని పిల్ల, మంచు ముద్దజేసి మొగని వీపుల కొట్టింది.

"అవ్వా, సూడే నీ కోడలు!" అన్నడు రఘుపతి.

"కొట్టవే పిల్లా, ఇంకోటి కొట్టు. చిన్నప్పుడు నన్ను శాన సతాయించిండు."

సింధూజ గిన్నెడు మంచు తెచ్చి, దాని మీద ఎర్ర షర్బత్ పోసి తాత నోట్లె పెట్టింది. పండ్లు జివ్వుమన్నయ్ ఆయనకు. నవ్విండు. ఒక చేతిల మాడిన సర్వపిండి, వేడిగ. ఒక చేతిల ఎర్ర మంచు, సల్లగ. ఫజల్ అడుగు మాడిన ముక్కనే కావాలన్నడు. "ఈడే రుచి ఉందవ్వా" అని గంజు గోకిండు.

చేతులు కొంకర్లు పోయినంక లోపటికి వచ్చినం. గంపెడు ఎల్లిగడ్డ ఉన్నది గదా, దంచి మిర్యాల చారు కాచిన. అందరం పొయ్యి చుట్టు, గ్లాసులల్ల చారు ఊదుకుంట. అప్పుడు మా ముసలాయన నోరు తెరిచిండు.

మళ్లా చెప్పవట్టిండు.

నేను ఇనని ముచ్చట్లు. ఆ పొద్దు సైట్ల అందరు, ఏ దేశపోడు ఆ దేశపు దేవుణ్ని పిలిచిండట. పెషావర్ దిక్కు ఆయన ఒకడు మాత్రం, "ఇది మా ఇంటి ముందర రోజూ ఉండేదే" అని, తట్టల మంచు నింపి కరగబెట్టి అందరికి చాయ్ పెట్టిండట. మంచు నీళ్ల చాయ్! ఇన్నేండ్లు ఆ చాయ్ ఆయన కడుపుల దాసుకున్నడు. చెప్తె దానికి గూడ నవ్వుతరని.

సింధూజ ఆయన ఒళ్లె తల పెట్టుకోని, కిటికీల తెలుపు చూసుకుంట — "ఇంక చెప్పు తాతా" అంటున్నది. ఇంక చెప్పు. ఇంక చెప్పు... ఆ మాట ఆయనతోని ఎవలన్నరు ఇన్నేండ్లల్ల?

రఘుపతికి ఆగలే. ఫోను తీసిండు. "మేనత్తకు సూపెడ్త. ఇయ్యాల తేలాలె," అన్నడు. వద్దురా అన్నడు బాపు. ఇంటడా! అందరిని మళ్లా వాకిట్లకు గుంజుకపోయిండు.

వీడియో కలిసింది. శాంతవ్వ వదినె వచ్చింది తెర మీదికి. సగం నుదురు, సగం ఇంటి కప్పు. ఎప్పుడు అంతే.

"అత్తా, సూడు! బాపు చెప్పిన మంచు! ఇగో!"

చూసింది. శానసేపు చూసింది.

"పత్తి మిల్లుల ఉన్నరా బిడ్డా?" అన్నది.

"పత్తి కాదత్తా! మంచు! పైకెళ్లి పడుతుంది, సూడు!"

"మొన్న నా మనుమడు ఫోన్ల నా ఫోటోతోని డాన్సు ఆడిపిచ్చిండు. ఈ మోకాళ్లతోని! చీర గూడ నాదే. ఫోన్ల సూపెడితె నమ్మాల్నా నేను?"

ఫజల్ నవ్వు ఆపుకోలేక దగ్గిండు. రఘుపతి మొకం ఎర్రగైంది. ముద్ద తీసి చూపిండు, వాకిలి చూపిండు, లోయ చూపిండు. "మంచిగ చేసిండ్రు" అన్నది వదినె.

ఫోను గుంజుకున్న. "వదినె, నేను చెప్తున్న. నా కండ్లతోని..."

"నువ్వు మొగని దిక్కు చెప్పనిది ఎప్పుడు, కనకవ్వా?" అన్నది.

చూడకముందే చీపురుకట్ట లేపినదాన్ని. చూసినంక నా మాటకు ఇలువేముంటది?

ఆయన దిక్కు చూసిన. మళ్లా ముడుచుకపోతడేమో... మళ్లా జ్వరం అంటడేమో...

చెయ్యి చాపి ఫోను అందుకున్నడు.

"అక్కా," అన్నడు. "మోకాళ్లు ఎట్లున్నయ్? నూనె రాస్తున్నవా?"

"ఏం నూనె తమ్మీ, దేనికి తగ్గుతలేవు. నువ్వు ఆ చలిల నిలవడకు. టోపీ ఏడిది? నెత్తి మీద తెల్లగ ఏందది?"

"ఏం లేదక్కా," అన్నడు. "మంచు."

జొన్న ఆకు మీద మంచు ఉంది అన్నట్టు అన్నడు. కోపం లేదు. ఒట్టు లేదు. నమ్ము అని లేదు.

అవతల వదినె ఏం అనలే.

నవ్వలే గూడ.

తెర మీద సగం నుదురు అట్లనే నిలిచింది... సిగ్నలే పోయిందో, ఆమె మాటనే పోయిందో. ఊరికి వచ్చినంక అడిగిన. చెప్పది. చాయ్ తాగుతవా అంటది. కని మంచు దేవయ్య అని మాత్రం ఆమె నోట మళ్లా ఇనలే. నేనైతె ఇనలే.

తెల్లారి ఎండ కొట్టింది. సూర్యుని గుట్ట మీద సూర్యుడు. రాయి రాయి నల్లగ తేలింది. నీళ్లు సందులల్లకెళ్లి లోయలకు జారినయ్. మేకలు ఏం ఎరుగనట్టు గడ్డి కొరుకుతున్నయ్. నేను వాకిట్లకు పోయి, కాలు పెట్టి చూసిన. ఉత్త మట్టి. నాకు గూడ ఒక్క గడియ... నిజంగనే చూసిన్నా అని.

ఎనుక నుంచి ఆయన వచ్చి పక్కకు నిలవడ్డడు.

"పడ్డది," అన్నడు.

"పడ్డది," అన్న.

ఇగ వినుండ్రి. ఆయన ముసలోడు, నేను ముసలిదాన్ని. మా ఎనుక ఈ ముచ్చట మీది. మీ పిల్లలకు చెప్పుండ్రి, బస్సుల పక్కకు కూసున్నోళ్లకు చెప్పుండ్రి. నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి, నా లెక్క కొట్లాడకుండ్రి. ఒక్కటి మాత్రం మరువకుండ్రి — దేవయ్య ఒక్కడే చూసిండని చెప్పకుండ్రి.

కనకవ్వ పక్కకు నిలవడ్డదని చెప్పుండ్రి. చెప్పులు లేకుంట.